వీధి చివరి బడిలోనే



చలికాలం వచ్చిందంటే మన జంషెడ్‌పూర్‌లో చిన్నపిల్లలున్న ఇళ్లలో ఒకటే మాట. ఏ బడివాళ్లు ఫారాలు ఎప్పుడిస్తున్నారు, లాటరీ ఎప్పుడు తీస్తారు, కదమాలో ఉంటూ బిష్టుపూర్ బడికి పెట్టవచ్చా, టెల్కో నుంచి సాక్చీకి పంపితే ఆటో ఎంతవుతుంది. సోనారీలోనైనా, గోల్‌మురీలోనైనా నలుగురు తెలుగువాళ్లు కలిస్తే ఇవే కబుర్లు. ఈ సందట్లో ఒక ఇంటివాళ్లు మాత్రం మాట కలపకుండా పక్కకు తప్పుకుంటారు. వాళ్ల పాపకు నాలుగేళ్లు నిండాయి, మాటలు ఇంకా కుదురుకోలేదు. లేదా వాళ్ల బాబు పేరుపెట్టి పిలిచినా తిరిగి చూడడు, ఒకచోట కూర్చోడు. ఆ తల్లి ఫారం తెచ్చుకుంటుంది గానీ నింపదు. ఎవరైనా అడిగితే, “మా వాణ్ని ఎవరు చేర్చుకుంటారులెండి” అంటుంది.

ఈ రోజు నా మాటలు ముఖ్యంగా ఆ ఇంటివాళ్ల కోసం. వాళ్ల పక్కింటివాళ్లూ, బడుల్లో పాఠాలు చెప్పే నా తోటి టీచర్లూ కూడా వింటే బాగుంటుంది.

అమ్మా, ముందు ఆ ఫారం నింపండి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులోని 13వ సెక్షన్ ప్రకారం, బడిలో చేర్చుకునే ముందు పిల్లల్ని గానీ తల్లిదండ్రుల్ని గానీ పరీక్షపెట్టి ఏరకూడదు. ఏరితే మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 రూపాయల దాకా జరిమానా. ప్రైవేటు బడులు తొలి తరగతిలో 25 శాతం సీట్లు ఇవ్వవలసిన పిల్లల్లో వైకల్యం ఉన్నవాళ్లను కూడా 2012 సవరణతో చేర్చారు.

అయితే మన ఊరి సంగతి కొంచెం వేరు. ఇక్కడ పేరున్న బడుల్లో చాలా వాటిని క్రైస్తవ సంస్థలు నడుపుతున్నాయి. మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014లో ప్రమతి కేసులో తీర్పు చెప్పింది. ఆ మాట విని చాలామంది నిరాశపడి వెనుదిరుగుతారు. అంతటితో దారి మూసుకుపోలేదు. 2016లో పార్లమెంటు చేసిన దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. ప్రభుత్వ నిధులు తీసుకునే బడే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థా ఈ పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకుని, వాళ్ల అవసరానికి తగినట్టు చదువు చెప్పేలా ప్రభుత్వాలు చూడాలని ఆ చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. 1995 నాటి పాత చట్టంలో వైకల్యాలు ఏడే. కొత్త చట్టంలో 21. ఆటిజం, చదవడంలో రాయడంలో వచ్చే అభ్యసన వైకల్యం వంటివి ఈ జాబితాలో కొత్తగా చేరాయి. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉన్న పిల్లలకు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. అది ఇంటి దగ్గరి బడి కావచ్చు, ప్రత్యేక పాఠశాల కావచ్చు. ఎంచుకోవలసింది పిల్లల తరఫువాళ్లు, బడివాళ్లు కాదు.

చట్టం గురించి ఇంత చెప్పింది మీకు ధైర్యం రావాలని. కానీ చట్టం బడి గేటు దాటిస్తుందే తప్ప పాఠం చెప్పదు. గేటు దాటాక ఏం జరుగుతుందన్నదే నా అసలు దిగులు.

చదువు, కార్మికుల బాగోగుల విషయంలో ఈ ఊరికి గొప్ప చరిత్రే ఉంది. 1912లోనే ఇక్కడి టాటా ఉక్కు కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం వచ్చింది. 1915లో ఉచిత వైద్యం, 1917లో కార్మికుల పిల్లలకు బడి సదుపాయం వచ్చాయి. ఏ చట్టమూ అడగకముందే కంపెనీ చేసిన పనులివి. మన తాతలు శ్రీకాకుళం వైపు నుంచి, విశాఖ వైపు నుంచి రైలెక్కి వచ్చి టాటానగర్‌లో దిగారు. హిందీ ముక్క రాకపోయినా కొలిమి దగ్గర నిలబడి పని నేర్చుకున్నారు. వాళ్ల పిల్లలు బడికి వెళ్లారు, ఇంజనీర్లయ్యారు, డాక్టర్లయ్యారు. మరి అవే ఇళ్లలో చెవులు వినిపించని ఆడపిల్ల, కాళ్లు పనిచేయని పిల్లవాడు, బుద్ధి ఎదగలేదని అందరూ జాలిపడే మరో పిల్లవాడు ఉండేవాళ్లు కదా. వాళ్లనూ ప్రేమగానే పెంచారు. వేళకు అన్నం పెట్టారు, పండక్కి కొత్తబట్టలు కుట్టించారు, బిష్టుపూర్ రామమందిరానికి చెయ్యిపట్టి తీసుకెళ్లారు. బడికి మాత్రం పంపలేదు. పంపవచ్చునని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

దేశం కూడా ఆలస్యంగానే కళ్లు తెరిచింది. వైకల్యమున్న పిల్లల్ని మామూలు బడుల్లో చదివించాలని కేంద్ర ప్రభుత్వం మొదటి పథకం పెట్టింది 1974లో. ఆ లోటు పూడ్చడానికి పూనుకున్నది ఎక్కువగా స్వచ్ఛంద సంస్థలూ, తమ పిల్లల కోసం తపించిన తల్లిదండ్రులూ. మన ఊరి స్కూల్ ఆఫ్ హోప్, సుందర్‌నగర్‌లోని చెషైర్ హోమ్ ఆ కోవలోవే. నోవాముండిలో టాటా స్టీల్ ఫౌండేషన్ నడిపే సబల్ కేంద్రం ఈమధ్య కాలంలో వచ్చింది. ఇలాంటి చోట్ల పనిచేసేవాళ్లను తలచుకుంటే నాకు చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది. పిల్లవాడు తన చొక్కా బొత్తాలు తనే పెట్టుకునేలా చేయడానికి నెలల తరబడి ఓపిక పట్టే మనుషులు వాళ్లు.

అయితే ఈ సంస్థల పేరు చెప్పి మామూలు బడులు తప్పించుకుంటున్నాయి. “మీ పిల్లవాడికి ఇక్కడకన్నా అక్కడ బాగుంటుందండీ” అని ఎంతో మర్యాదగా అంటారు. అది సలహాలా వినిపిస్తుంది గానీ నిజానికి తిరస్కారం.

మీకు శ్రీకాంత్ బొల్లా కథ తెలిసే ఉంటుంది. 2024లో ఆయన జీవితం మీద హిందీలో సినిమా వచ్చాక ఇక్కడి హిందీవాళ్లకూ తెలిసింది. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో రైతు కుటుంబంలో పుట్టాడు. పుట్టుకతోనే చూపు లేదు. మొదట వాళ్ల ఊరి బడికే వెళ్లాడు. అక్కడ ఆయన్ని చివరి బెంచీలో కూర్చోబెట్టారని, ఆటల్లో చేర్చుకునేవాళ్లు కాదని ఆయనే చెప్పాడు. కాగితం మీద చూస్తే అది కూడా అందరితో కలిసి చదువుకోవడమే. హాజరు పట్టీలో పేరుంది, తరగతి గదిలో చోటుంది, పాఠమే లేదు. తర్వాత హైదరాబాదులో చూపులేని పిల్లల బడిలో చేరాక చదువు అంటే ఏమిటో రుచి చూశాడు. పదో తరగతి మంచి మార్కులతో గట్టెక్కి ఇంటర్‌లో సైన్సు తీసుకుంటానంటే, చూపులేనివాళ్లకు సైన్సు కుదరదన్నారు. కోర్టుకు వెళ్లి అనుమతి తెచ్చుకున్నాడు. పాఠాలు రికార్డు చేయించుకుని వింటూ చదివి 98 శాతం మార్కులు సాధించాడు. ఆ తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదివి, తిరిగొచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి, వైకల్యమున్నవాళ్లకు ఉద్యోగాలిచ్చాడు.

ఈ కథలో జనం ఆయన పట్టుదలను చూస్తారు. టీచరుగా నాకు ఆ మూడు బడులు కనబడతాయి. మొదటి బడి చేర్చుకుంది గానీ నేర్పలేదు. రెండోది నేర్పింది, కానీ అక్కడ ఉన్నవాళ్లందరూ చూపులేని పిల్లలే. మూడోచోట నేర్చుకోగల పిల్లవాడు ఎదురుగా నిలబడి ఉంటే చేర్చుకోనన్నారు. మొదటి బడికి రెండో బడి విద్య తెలిసి ఉంటే ఆ చిన్నపిల్లవాడు అమ్మానాన్నల్ని వదిలి అంతదూరం వెళ్లవలసిన పని ఉండేదా?

సహిత విద్య, అంటే ఈ పిల్లల్ని అందరితో కలిపి చదివించడం గురించి నేను చెప్పదలచుకున్నది ఇదే. ఇన్నాళ్లూ మనం పిల్లవాణ్ని తీసుకుని విద్య తెలిసిన టీచరు దగ్గరికి పరుగులు పెట్టాం. ఇకనుంచి ఆ టీచరే పిల్లవాడి బడికి రావాలి. ప్రత్యేక పాఠశాలలు మూతపడాలని నేను అనడం లేదు. తీవ్రమైన వైకల్యం ఉన్న పిల్లలకు అవి కావాలి. కానీ వాటిలో పోగైన అనుభవం ఆ ప్రహరీగోడ లోపలే ఉండిపోకూడదు. వారంలో రెండు రోజులైనా అక్కడి టీచర్లు ఊళ్లోని మామూలు బడులకు వెళ్లి, తరగతి టీచరు పక్కన కూర్చుని, ఈ బాబుకు ఇలా చెప్పి చూడండి అని చూపించాలి. బర్మామైన్స్ బడిలో ఒక పిల్లవాడు, మాంగోలో ఇద్దరు, జుగ్‌సలాయిలో ఒక పాప ఉంటే, నలుగురికీ ఒకే టీచరు తిరుగుతూ సాయపడవచ్చు.

ఇది ఊహల్లోని మాట కాదు. 2021 అక్టోబరులో రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు లెక్క కట్టి చెప్పింది. ప్రాథమిక తరగతుల్లో ప్రత్యేక అవసరాలున్న ప్రతి పదిమంది పిల్లలకు ఒక ప్రత్యేక టీచరు ఉండాలి, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు. 2022లో కేంద్రం ఈ లెక్కను విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోకి ఎక్కించింది. రాష్ట్రాలు పోస్టులు నింపకపోయేసరికి 2025 మార్చిలో కోర్టు మళ్లీ గట్టిగా చెప్పవలసి వచ్చింది. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అక్కడి రిసోర్స్ టీచర్లు పిల్లలకు సాయం చేస్తూ, బడికి రాలేని పిల్లల ఇళ్లకూ వెళతారు. ఝార్ఖండ్‌లో 2011 జనాభా లెక్కల ప్రకారమే వైకల్యం ఉన్నవాళ్లు ఏడున్నర లక్షలకు పైగా ఉన్నారు. అందులో బడి ఈడు పిల్లలు ఎంతోమంది. వాళ్లందరికీ టీచర్లు కావాలని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

మరి ఆ టీచరు తరగతిలో ఏం చేయాలి? నా తోటి టీచర్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. “నలభైమంది ఉన్నారండీ, ఒక్కడి కోసం ఏం చెయ్యను?” అంటారు. వాళ్ల బాధ నిజమైనదే. నలభైమందితో వేగి గొంతు పోగొట్టుకునేవాళ్లను దోషుల్లా చూడడం నాకిష్టం లేదు. అయినా మార్చవలసినవి మనం భయపడినంత పెద్దవి కావు. వినికిడి తక్కువైన పాపను ముందు వరుసలో, టీచరు పెదవులు కనబడేచోట కూర్చోబెట్టాలి. బోర్డు వైపు తిరిగి మాట్లాడటం మానుకోవాలి. చదవడంలో తడబడే పిల్లవాడితో అందరిముందూ పైకి చదివించకూడదు. ప్రశ్న నోటితో అడిగి, జవాబు నోటితో చెప్పించుకోవాలి. వాడికి విషయం తెలుసో లేదో అప్పుడు తేలుతుంది. మిగతావాళ్లకు పది లెక్కలిస్తే వాడికి నాలుగు, ఒక్కో పేజీకి ఒక్కటే. శబ్దాలకు బెదిరిపోయే ఆటిజం ఉన్న బాబుకు ప్రార్థన సమయంలో డ్రమ్ము దగ్గర కాకుండా వెనక చోటివ్వాలి, గంట కొట్టే ముందే చెప్పాలి. ఆ రోజు ఏమేం జరుగుతుందో బొమ్మలతో ఒక అట్టమీద వరుసగా అతికించి పెడితే సగం గొడవ తగ్గుతుంది. ఇలా చేసి చూడండి, ఆ బొమ్మల అట్ట మిగతా ముప్ఫైతొమ్మిది మందికీ ఉపయోగపడుతుంది.

పరీక్షల దగ్గర కూడా దారులున్నాయి. మన ఊళ్లో బడులు కొన్ని సీబీఎస్‌ఈ, కొన్ని ఐసీఎస్‌ఈ. రెండు బోర్డులూ ఈ పిల్లలకు అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, భాషల విషయంలో మినహాయింపు ఇస్తున్నాయి. సీబీఎస్‌ఈలో మూడు గంటల పరీక్షకు ఒక గంట ఎక్కువ ఇస్తారు. అయితే పదో తరగతి పరీక్షల ముందు పరిగెత్తితే పని కాదు. తొమ్మిదిలోనే కాగితాలన్నీ సిద్ధంగా ఉండాలి. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా చెప్పింది. రాయబోతే చేయి పట్టేసి రాయలేని అభ్యర్థి ఆయన. వైకల్యం 40 శాతం లేదన్న కారణంతో సహాయకుణ్ణి నిరాకరించకూడదని కోర్టు అన్నది. శాతాల లెక్క దగ్గరే ఆగిపోయిన ఎందరో పిల్లలకు ఆ తీర్పు అండగా నిలుస్తుంది.

ఇప్పుడు మన తెలుగు ఇళ్లకు మాత్రమే సంబంధించిన మాట ఒకటి. ఇది నేను ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. ఈ ఊళ్లో మన పిల్లలు ఇంట్లో తెలుగు వింటారు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు. పక్కింట్లో బెంగాలీయో ఒడియాయో సంతాలీయో వినబడుతుంది. మాటలు ఆలస్యమైన పిల్లవాణ్ని చూపించడానికి వెళితే, “అన్ని భాషలెందుకు, ఇంట్లో కూడా హిందీయే మాట్లాడండి” అని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. తల్లి ఆ మాట నమ్ముతుంది. ఆమెకు హిందీ అంతంతమాత్రం. దాంతో పిల్లవాడితో మాట్లాడటమే తగ్గిపోతుంది. కథ ఆగిపోతుంది, జోల ఆగిపోతుంది, “అది కాకిరా, ఇది పిచ్చుక” అనే మాటలు ఆగిపోతాయి. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ అసలు నోరు విప్పడానికే భయపడుతుంది. మాటలు ఎక్కువగా అందవలసిన పిల్లవాడికి అందరికన్నా తక్కువ అందుతాయి.

రెండు భాషల వల్ల ఇలాంటి పిల్లలకు చెడు జరుగుతుందన్న భయానికి ఆధారం లేదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల మీద కెనడాలో చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలు ఇంగ్లీషులో ఒకే భాష తెలిసిన తోటిపిల్లలకు వెనకబడలేదని అందులో తేలింది. కాబట్టి అమ్మా, మీకు బాగా వచ్చిన భాషలో, అంటే తెలుగులో, మీ బిడ్డతో కడుపునిండా మాట్లాడండి. బోర్డు పరీక్షలో భాష పేపరు మినహాయింపు తీసుకోవడం వేరు, ఇంట్లో మాట మానేయడం వేరు. మొదటిది అవసరమైతే తీసుకోండి. రెండోదానికి ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

అమ్మమ్మలకు, నాయనమ్మలకు కూడా ఒక మనవి. “వీళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి, కంగారుపడకండి” అని మీరు ప్రేమతోనే అంటారు. కానీ రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి చెప్పకపోతే ఎదురుచూడకండి. ముందు చెవుల పరీక్ష చేయించండి. చెవిలో మాటిమాటికీ చీము పట్టి, వినికిడి తగ్గి, బుద్ధిలేనివాడని పేరుపడ్డ పిల్లలు లేకపోలేదు. మన ఊళ్లో ప్రభుత్వ వైకల్య ధ్రువపత్రం కోసం ఖాస్‌మహల్‌లోని సదర్ ఆసుపత్రిని అడగాలి. ఆటిజం, అభ్యసన వైకల్యం వంటి వాటి పరీక్షల కోసం చాలామంది రాంచీ వెళుతుంటారు. కాంకేలో 1918 నుంచీ ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీలో పిల్లలకు విడిగా విభాగం ఉంది. పేరులో మానసిక వైద్యం ఉందని జంకకండి. అక్కడికి వెళ్లినంత మాత్రాన పిల్లవాడి మీద ఏ ముద్రా పడదు, వాడికి ఏం కావాలో తెలుస్తుంది. ధ్రువపత్రంతో పాటు యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు కూడా తీసుకోండి. సర్కారు బడిలో చదివే పిల్లలకు సమగ్ర శిక్ష కింద ఏటా ఒక్కొక్కరికి 3,500 రూపాయల దాకా సహాయ పరికరాలు, పుస్తకాలు వగైరాలకు కేటాయింపు ఉంది. ఆడపిల్లలకు అదనంగా నెలకు 200 చొప్పున పది నెలలు. పెద్ద మొత్తాలేమీ కావు, కానీ అడగకపోతే అవీ రావు.

పక్కింటివాళ్లూ వింటే బాగుంటుందన్నాను. మీ బాబు తరగతిలోకి ఇలాంటి పిల్లవాడు వస్తే, టీచరు సమయమంతా వాడికే పోతుందని మీకు అనిపించవచ్చు. బడికి వెళ్లి సంతకాలు పెట్టి ఆ పిల్లవాణ్ని పంపించేసిన తల్లిదండ్రులు కూడా ఉన్నారు. నాకు బాగా కష్టం కలిగించేది అదే. టీచరుకు సమయం చాలకపోతే, రెండో టీచరు కోసం మీరంతా కలిసి సంతకాలు పెట్టండి. ఆ టీచరు వల్ల మీ బాబుకూ మేలే. పుట్టినరోజుకు తరగతిలో అందరినీ పిలిచినప్పుడు ఆ ఒక్క పిల్లవాణ్ని వదిలేయకండి. వాడు కేకు కోసేటప్పుడు చప్పట్లకు చెవులు మూసుకుంటే, ఎందుకు మూసుకున్నాడో మీ పిల్లలకు చెప్పండి.

మన సంఘాలు కూడా పూనుకోవాలి. కదమాలోని ఆంధ్రా అసోసియేషన్, బిష్టుపూర్ రామమందిరం ఈ ఊరి తెలుగువాళ్లను దశాబ్దాలుగా ఒకచోట కలుపుతున్నాయి. ఉగాదికి పిల్లల కార్యక్రమాలు పెట్టేటప్పుడు, పాట సరిగా రాని పాపకు కూడా వేదిక మీద రెండు నిమిషాలు ఇవ్వండి. నెలలో ఒక ఆదివారం సాయంత్రం కార్డులకూ ధ్రువపత్రాలకూ కాగితాలు నింపడానికి ఇద్దరు చదువుకున్న కుర్రాళ్లను కూర్చోబెట్టండి. ఆన్‌లైన్ దరఖాస్తు చేయడం రాక ఆగిపోయిన కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి.

ఇక ఫారం నింపి పట్టుకెళ్లాక బడివాళ్లు కాదంటే ఏం చేయాలి? నోటిమాటతో తిరిగి రావద్దు. కారణం కాగితం మీద రాసివ్వమని మర్యాదగా అడగండి. చాలాసార్లు అక్కడే మాట మారుతుంది. మారకపోతే ఆ కాగితం తీసుకుని జిల్లా విద్యాశాఖ కార్యాలయానికి వెళ్లండి. వైకల్యం ఉన్న పిల్లల ప్రవేశాలు చూసేందుకు అక్కడ ఒక నోడల్ అధికారి ఉండాలని 2017 నాటి నిబంధనల్లో ఉంది. ఆయన ఎవరో అడిగి, దరఖాస్తు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. అక్కడా కాకపోతే రాంచీలో దివ్యాంగుల కోసం రాష్ట్ర కమిషనర్ కార్యాలయం ఉంది, రిజిస్టరు పోస్టులో రాసి పంపండి. కాగితాలన్నిటికీ ఒక్కో నకలు మీ దగ్గర ఉంచుకోండి. బడి మీ వీధి చివరే ఉంటే, ఆ బడి పేరే రాయండి.